ఉల్కాన్ మెడలోని కాటా

తూచనిదే దేన్నీ నమ్మని మనిషి ఉల్కాన్. మా కోచ్‌కోర్ ఊళ్ళో కట్లు కట్టే నర్సు. మెడలో ఎప్పుడూ స్ప్రింగు కాటా వేలాడుతుంటుంది. ఓసారి ముల్లాగారి తలపాగాని కొక్కేనికి తగిలించబోతే ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని పారిపోయాడు.

సైరాకాన్ అనే అత్తగారికి ఈవిడంటే ఒళ్ళుమంట. కోడలు జీబెక్‌కి పిత్తాశయంలో రాళ్ళుంటే పొట్టకి నాలుగు చిన్న చిల్లులు పెట్టి తీసేశారు. ఒక్క చిల్లూ అంగుళం లేదు. నాలుగోరోజున కోడల్ని నీళ్ళకి పంపబోతుంటే ఉల్కాన్ ఊడిపడింది.

"మూడు కిలోలు దాటి ఎత్తకూడదక్కా. పైన మానినట్టున్నా లోపల పచ్చిగానే ఉంటుంది. బరువెత్తితే బొడ్డు దగ్గర పేగు పొడుచుకొస్తుంది. మళ్ళీ కొయ్యాలి."

"కోసింది పొట్ట, నొప్పేమో భుజంలోనట. నాటకాలు కాకపోతే ఏమిటి?"

"పొట్టలోకి గాలి కొట్టి చేశారుగా, మిగిలిన గాలి భుజంలో పొడుస్తుంది. అదే పోతుంది. చీము పట్టినా, జ్వరం వచ్చినా మాత్రం కబురంపు."

ఇక తూకాలు మొదలు. ఖాళీ కెటిల్ నాలుగు కిలోలు. రొట్టెల తట్ట ఐదు.

"గరిటె?" అంది సైరాకాన్ వెటకారంగా.

"ముప్పావు కిలో. ఎత్తొచ్చు."

దాంతో నీళ్ళూ, పిండీ, పొయ్యీ సైరాకాన్ నెత్తినే పడ్డాయి. జీబెక్ తలొంచుకుని కూర్చునేది.

తొమ్మిదోరోజున ఉల్కాన్ కాటాని గుమ్మం పక్క మేకుకి తగిలించి, లోపల గది‌లో కుట్లు చూస్తోంది. సైరాకాన్‌కి అనుమానమొచ్చి, విప్పని కిలో చక్కెర పొట్లం కొక్కేనికి తగిలించింది. ముల్లు మూడు దగ్గర ఆగింది.

"ఇదేం మోసమే?" అని గుమ్మంలోంచే నిలదీసింది.

ఉల్కాన్ కంగారుపడలేదు. "ఇది కోడళ్ళ కాటా. మగాళ్ళకి వేరే ఉంది, అది సరిగ్గానే తూస్తుంది. 'నేను ఎత్తలేను' అని అత్తకి చెప్పే కోడలు ఈ ఊళ్ళో ఉందా? కిందటేడు ఒక పిల్ల మొహమాటానికి బకెట్లు మోసి మళ్ళీ కోయించుకుంది. నువ్వు చెప్పావా మీ అత్తకి?"

చెప్పలేదు. కొడుకు పుట్టిన మూడోరోజున ఏటినుంచి నీళ్ళు మోసింది. ఆ నడుంనొప్పి ఇప్పటికీ వదల్లేదు. సైరాకాన్ మనసు చివుక్కుమంది. అత్తని చూసి జీబెక్ పొట్ట పట్టుకుని లేవబోయింది.

"పడుకో అమ్మా," అంది సైరాకాన్.

అంతలో సైరాకాన్ మొగుడు ఎసెన్‌బాయ్ వచ్చాడు. "కిలో పొట్లం మూడు చూపిస్తోందేమిటి? కాటా పాడైనట్టుందే."

ఉల్కాన్ గభాలున సైరాకాన్ వైపు చూసింది.

"చక్కెరకి చెమ్మ పట్టిందండీ," అంది సైరాకాన్. పొట్లం తీసి, నీళ్ళు నింపిన కెటిల్ తగిలించింది. "చూడండి, తొమ్మిది కిలోలు. ఈ వయసులో నేనెక్కడ ఎత్తను? ఇవాళ టీ మీరే పొయ్యాలి."

ఆయన ముల్లుని ఒకటికి రెండుసార్లు చూసుకుని, చొక్కా చేతులు మడిచి, కెటిల్ అందుకున్నాడు.