ఎన్కకు నడిచిన పెండ్లిగుర్రం

“ఎన్కకు. జర ఎన్కకు జరుగు. ఆఁ, గట్ల. ఇగ చెప్పు అల్లుడా, ఏం పనిమీద వచ్చినవు?”

ఎల్లస్వామి ఈ మాటలన్నది గుర్రంతో కాదు, బెంజమిన్‌తో. బెంజమిన్‌ది రామన్నపేటలో ఫోటో స్టూడియో. పెళ్లిళ్లకు ఫోటోలతోపాటు బ్యాండునూ గుర్రాన్నీ కూడా తనే కుదురుస్తాడు. ఆ పొద్దున అతను వచ్చింది కొట్లాటకు. కానీ ఎదుటివాడు జరగమంటే బుద్ధిగా వెనక్కి జరిగినవాడు మళ్లీ కొట్లాట మొదలుపెట్టడం కష్టం. సగం కోపం ఆ జరగడంలోనే పోతుంది.

ఎల్లస్వామికి ఉన్న పిచ్చి అదొక్కటే. మనిషి గానీ పశువు గానీ, ఎదురుగా వచ్చిన ప్రాణి ఓ అడుగు వెనక్కి వేస్తే తప్ప దానితో మాట్లాడడు, దానికేమీ ఇవ్వడు.

ఇది పుట్టుకతో వచ్చిన పిచ్చి కాదు. బాద్షాతో వచ్చింది. బాద్షా అంటే పెళ్లి ఊరేగింపులకు తిప్పుదామని మహారాష్ట్ర జాతరలో కొనుక్కొచ్చిన కుర్ర గుర్రం. తెలుపు చూసి మురిసిపోయి కొన్నాడు. గుణం ఇంటికొచ్చాక బయటపడింది. దాణా బకెట్టు కనబడితే చాలు, బకెట్టునూ అది పట్టుకున్న మనిషినీ కలిపి గోడకు నొక్కేది. కొట్టం తలుపు సగం తీసేలోపే మనిషిని తోసుకుని బయటపడేది. వచ్చినవాళ్ల జేబులు వెతికేది. ఎల్లస్వామి భార్య అండాలు కొంగున ముడేసుకున్న పేలాలను, ముడి విప్పే శ్రమ లేకుండా, కొంగుతో సహా తినేసింది.

“గిది గుర్రమా, బస్సెక్కే జనమా?” అని అరిచిందామె. “కట్టెతోని నాలుగు తగిలిస్తె సక్కగైతది.”

“దానిదేం తప్పే? పిల్లప్పుడు ముద్దుకు అందరు చేతుల పెట్టి తినిపిచ్చిండ్రు. మనిషంటె దాణా గంప అనుకుంటాంది. మనిషికి గూడ ఓ జాగ ఉంటదని చెప్పాలె,” అన్నాడు ఎల్లస్వామి.

కట్టె ముట్టలేదు. బాద్షా మీదికొస్తే “ఎన్కకు” అని బకెట్టు వీపు వెనక దాచేవాడు. అది అడుగు వెనక్కి వేస్తే బకెట్టు ముందుకొచ్చేది. తలుపు దగ్గరా అదే తంతు. తోస్తే తలుపు మూసుకునేది, జరిగితే తెరుచుకునేది. మొదట్లో ఒక్క పూట దాణా పెట్టడం పూర్తయ్యేసరికి అండాలు వండి, తిని, గిన్నెలు తోమి, ఓ కునుకు తీసి లేచేది.

“మనుషులు నేర్వకుంటె గుర్రం నేర్వది,” అంటూ తర్వాత మనుషుల మీద పడ్డాడు. సొంత కూతుర్ని చేసుకున్న కొత్త అల్లుడు కాళ్లకు మొక్కబోతే “ఎన్కకు” అన్నాడు. అల్లుడు అలిగి బయటికెళ్లి బండి మీద కూర్చున్నాడు. “నీ మీద కోపం కాదు బిడ్డా, గుర్రం చూస్తాంది,” అని బతిమాలి లోపలికి తెచ్చుకోవాల్సి వచ్చింది.

నకిరేకల్ బ్యాంకులో వెనకాయన భుజం మీద వాలితే అదే మాట. ఆయన జరిగాడు, ఆయన వెనకాయన జరిగాడు, వరుస మొత్తం జరిగి తోక రోడ్డు మీద పడింది. దవాఖానలో సూది పట్టుకొచ్చిన నర్సమ్మనూ వదల్లేదు.

“జర ఎన్కకు జరిగి, మర్యాదగ అడుగు బిడ్డా. గప్పుడు చెయ్యి ఇస్త.”

“ఈడ గుర్రం లేదు కద తాతా!”

“గుర్రం లేకుంటె మర్యాద లేదా?”

మొత్తానికి బాద్షా నేర్చుకుంది. కథ అక్కడే అడ్డం తిరిగింది.

నిన్న పోచంపల్లి దగ్గర కృష్ణకాంత్ అనే కుర్రాడి పెళ్లి. ఎదురుకోళ్లకు ఆడపిల్లవాళ్లు దండలు, పానకం పట్టుకుని ఫంక్షన్ హాలు ముందు నిలబడ్డారు. పెళ్లికొడుకు బాద్షా మీద వస్తున్నాడు. గుర్రం ముందు కుర్రాళ్లు ఒళ్లు మరిచి ఆడుతున్నారు. మేనమామ గోపయ్య గొంతు చించుకున్నాడు.

“ఎన్కకు జరుగుండ్రిరా! గుర్రానికి తొవ్వ ఇయ్యిండ్రి!”

కుర్రాళ్లు జరగలేదు. గుర్రం జరిగింది. ఖాళీ అయిన జాగాలోకి కుర్రాళ్లు ఆడుకుంటూ వచ్చారు. గోపయ్య మళ్లీ అరిచాడు. గుర్రం మళ్లీ జరిగింది. అలా కిరాణా కొట్టు దాటి, చాయ్ బండి దాటి, బస్టాపు దాకా పోయింది.

“పిల్లగాడు పెండ్లి వద్దంటాండా ఏంది?” అని పెళ్లికూతురి నాయనమ్మ గుండెలు బాదుకుంది. పెళ్లికూతురి తండ్రి పరుగెత్తుకొచ్చి గోపయ్య చేతులు పట్టుకున్నాడు. “బావా, మర్యాదల ఏమన్న లోటైందా? జర చెప్పరాదే!”

“నేను వస్తనే అంటున్న! ఇదే పోతాంది!” అని పైనుంచి కృష్ణకాంత్ మొత్తుకున్నాడు.

పగ్గం పట్టుకున్న ఎల్లస్వామి మాత్రం కన్నకొడుకు ఫస్టు క్లాసులో పాసైనంతగా మురిసిపోతున్నాడు. “చూసిండ్రా, ఎట్ల ఇంటాందో!”

చివరికి పెళ్లికొడుకు దిగి నడిచాడు. హాలు ముందు నిలబడి బెంజమిన్ తీసిన వీడియోలో అతను రాను రాను చిన్నగా అయిపోతాడు.

“ఊరంత నవ్వుతాంది మామా,” అన్నాడు బెంజమిన్, మిగిలిన సగం కోపాన్ని కూడదీసుకుని. “మొన్న మాట కుదిరిన నకిరేకల్ పెండ్లోళ్లు అప్పుడే గీ గుర్రం వద్దన్నరు. గా మాటన్న మార్చు, గుర్రాన్నన్న మార్చు.”

“గుర్రాన్నే మారుస్తున్నం,” అంది అండాలు వాకిట్లోకొచ్చి. “పెండ్లిళ్లు రాకుంటె దాన్ని మేపుడు మాతోని అయితదా? కొనెటోడు ఐతారం నాడు వస్తాండు.”

ఎల్లస్వామి ముఖం వాడిపోయింది.

“గంత కష్టమెందుకు? ‘ఎన్కకు’ బదులు ఇంకో మాట నేర్పు,” అన్నాడు బెంజమిన్.

“మాట మారది.”

“ఎందుకు మారది?”

గేటు కిర్రుమంది. పక్కింటి భద్రమ్మ గోడ తడుముకుంటూ వచ్చింది. చూపు పోయి చాలా కాలమైంది. చేతిలో జొన్నరొట్టె ఉంది.

“ఎన్కకు బిడ్డా,” అంది గాలిలోకి చూస్తూ.

అప్పటిదాకా బెంజమిన్ కెమెరా సంచి పట్టీని నములుతున్న బాద్షా దాన్ని వదిలేసి వెనక్కి జరిగింది. తల దించి, ఆమె వేళ్లు తడిమి తడిమి తన నుదురు చేరేదాకా చెవి కూడా కదపలేదు. రొట్టె మర్యాదగా తింది. భద్రమ్మ దాని మెడ నిమిరి, “ఇగ దాణా తిను నాయినా,” అని చెప్పి, నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

అండాలు గొంతు తగ్గించింది. “పోయిన వానకాలం ఇది తోస్తె అవ్వ పడ్డది. ఎముక ఇరగలే గని, గడప దాటొద్దని కొడుకు ఆపిండు. గోడ దిక్కు తిరిగి కూసునేది పాపం, బువ్వ ముట్టకపోయేది. మీ మామ పోయి, ‘నీ చేతి రొట్టె లేక బాద్షా దాణా తింటలేదవ్వా’ అని చెప్పిండు. గీ మాట అవ్వకు నేర్పి, మల్ల తోయదని కొడుక్కు మాట ఇచ్చిండు.”

“గుర్రానికి ఇంకో మాట నేను నేర్పుత,” అన్నాడు ఎల్లస్వామి. “అవ్వకు ఎవలు నేర్పుతరు? ఆమె నోట్ల గదొక్కటే నిలిచింది.”

బెంజమిన్ గుర్రాన్ని చూశాడు. దాని చెవులు చూశాడు.

“దూది పెడుదాం మామా! ఊరేగింపు నాడు రెండు చెవులల్ల దూది. బ్యాండు మోతకు గూడ మంచిది. నువ్వు పగ్గం పట్టుకోని నడిపిచ్చు. నకిరేకల్ పెండ్లోళ్లతోని నేను మాట్లాడుత.”

“గీ ఉపాయం నిన్ననే చెప్తే ఏం పోయింది? ఉత్తగనే గా కొనెటోన్ని పిలిస్తి,” అంటూ అండాలు ఫోన్ కోసం లోపలికి నడిచింది.

బెంజమిన్ బయల్దేరాడు. గేటు దగ్గర ఎల్లస్వామి పిలుపు వినబడింది. అతను అలవాటుగా ఓ అడుగు వెనక్కి వేసి ఆగాడు. బాద్షా అప్పటికే దాణా బకెట్టు ఖాళీ చేసి, దాని పిడి కొరుకుతోంది.

“అల్లుడా, వచ్చేటప్పుడు దూది పట్టుకరా. ఇంకో ముచ్చట. అవ్వ అరుగు మీద కూసోని ఉంటది. బాద్షా పొద్దుగాల నుంచి గా రొట్టె తప్ప ఏం ముట్టలేదని, జర గట్టిగ చెప్పి పో.”