ఫోటోల ఎండిపోయిన వాది

మొన్న బుధవారం పొద్దుగాల నేను వరదల కొట్టుకపోయి సచ్చిపోయిన్నని మా ఇంజినీరు దగ్గరదగ్గర రెండు గంటలు నమ్మిండు. ఆ రెండు గంటలు నేను ఈ అరబ్బు దేశంల, ఇబ్రా అనే పట్నంల, రూముల, ఏసీ కింద దుప్పటి కప్పుకొని పండుకున్న. చాయ్ పోసుకోండ్రి, మొత్తం చెప్త. ఇజ్జత్ ఎట్లనో పోయింది, ఇంక దాసుకునేదేం లేదు.

ముందుగాల నా డ్యూటీ ఏందో చెప్పాలె. ఇబ్రా నుంచి గంట దూరంల ఒక వాది ఉంది. వాది అంటే మన వాగే, కాకపోతే నీళ్లుండయి. ఎప్పుడన్న గుట్టల మీద వాన పడితే ఒక్కపూట వస్తది, పోతది. దాని నడుమ సెంటీమీటర్ల గీతలున్న ఇనుప స్తంభం పాతిన్రు. నేను రోజు పొద్దుగాల కంపెనీ పికప్పు ఏసుకొని పోయి, నీళ్లు ఏ గీత దాకా ఉన్నయో ఫోటో తీసి ఇంజినీరు సాలింకు వాట్సాప్ పెట్టాలె. ఎనిమిది నెలలసంది నేను పెట్టింది ఒకటే మాట: "జీరో సార్."

జగిత్యాల నుంచి నా భార్య ఫోన్ల అడిగింది, అక్కడ నీ పని ఏందని. నీళ్లు కొలుస్త అన్న. ఎన్ని ఉన్నయంది. లేవన్న. మరి జీతమెందుకిస్తున్నరంది. నాక్కూడ ఆ అనుమానమే ఉండె.

అప్పుడు నాకో తెలివి పుట్టింది. ఒక్కరోజే పోయి ఆ స్తంభానికి ఇరవై ఫోటోలు తీసిన. ఒకటి దగ్గరికెళ్లి, ఒకటి పక్కకెళ్లి, ఒకదాంట్ల మేక కూడ పడ్డది. ఇగ రోజు ఏడింటికి మంచంల నుంచే ఒకటి పంపుడు, "స్తంభం దగ్గరున్న సార్, జీరో" అని రాసుడు, ఫోన్ సైలెంట్ల పెట్టి మళ్ల పండుడు. వారం రోజులు రాజు లెక్క బతికిన.

బుధవారం కూడ అట్లనే పంపిన. తెల్లారంగ గుట్టల మీద వాన దంచికొట్టిందని నాకేం తెలుసు? నేను పంపిన పావుగంటకు వాది అవతలి ఊరోళ్లు సాలింకు ఫోన్ చేసిన్రట, వాది వచ్చింది, స్తంభం కొన ఒక్కటే కనవడుతుందని. ఆయన ఉండేది కూడ అటుదిక్కు పట్నంలనే. నాకు ఫోన్ మీద ఫోన్ చేసుకుంట ఉరికొచ్చిండట. వచ్చి సూస్తే నేను లేను, పికప్పు లేదు. రెండూ కొట్టుకపోయినయనుకున్నడు. పోలీసులకు చెప్పి, ఊరోళ్లతోని ఒడ్డు ఎంబడి ఎతుకుతున్నడు.

తొమ్మిదింటికి లేసి సూస్తే ముప్పై ఏడు మిస్డ్ కాల్స్. చేసిన. సాలిం ఒక్క రింగుకే ఎత్తిండు.

"గంగారాం, తుమ్ జిందా హై?" బతికే ఉన్నవా అని.

నిజం చెప్తే అక్కడికే అయిపోతుండె. కని నా నోరు నా చేతుల ఉండదు. నీళ్లు మెడ దాకా వచ్చినయి సార్, ఈదుకుంట ఇబ్రా దిక్కు ఒడ్డుకొచ్చి గుట్ట ఎనక కూసున్న అన్న. బండి కూడ ఈడనే ఉందన్న. నాకు ఈత రాదు. ఆయన నాలుగుసార్లు అల్‌హమ్దులిల్లా అని, ఆడికెళ్లి కదలకు, పైన వంతెన మీదికెళ్లి తిరిగొస్తున్న, గంట పడ్తది అన్నడు.

నాకూ గంటనే పడ్తది. శుక్రవారం సెలవుకని ఇస్త్రీ చేసి మేకుకు ఏసుకున్న అంగి ఉంటే అదే తొడుక్కొని పికప్పు ఉరికిచ్చిన. గుట్ట ఎనక ఆపి, బండిల ఉన్న రెండు పెద్ద సీసాల తాగే నీళ్లు నెత్తి మీద గుమ్మరిచ్చుకొని, ఒక రాయి మీద కూసొని వణుకుడు మొదలువెట్టిన. ఎండ మండుతుంది. వణుకుడు మస్తు కష్టమైంది.

ఐదు నిమిషాలకు సాలిం వచ్చిండు. ఎంబడి ఆ ఊరి ఖర్జూర తోట ముసలాయన దుప్పటి, ఫ్లాస్కుల కావా, అంటే ఈళ్ల కాఫీ, పట్టుకొని వచ్చిండు. సాలిం నన్ను గట్టిగ అలుముకున్నడు. కండ్లు ఎర్రగున్నయి. నేను ఇంకో రెండు మాటలు కలిపిన, స్తంభాన్ని పట్టుకున్న, చెయ్యి జారింది, నీళ్లు మింగిన అని.

ముసలాయన నాకు దుప్పటి కప్పుకుంట నా కాలర్ ముట్టి సూసిండు. వాది దిక్కు సూసిండు. అది పాలు పోసిన చాయ్ రంగుల పారుతుంది. మళ్ల నా తెల్లంగి దిక్కు సూసి, అరబ్బీల నిమ్మళంగ ఏదో అన్నడు. సాలిం నా మీదికెళ్లి చేతులు తీసేసిండు. నాకు సమజ్ కావాలని హిందీల చెప్పిండు:

"ఈయన పుట్టిన కాన్నుంచి ఈ వాదిని సూస్తున్నడట. మనిషిని ముంచి, ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చుడు మాత్రం ఇదే మొదటిసారంట."

ఫోన్ ఇయ్యమన్నడు. గ్యాలరీల ఇంక పన్నెండు ఎండిన ఫోటోలు వరుసగ ఉన్నయి. ఒక్కొక్కటి జరిపి సూసిండు. మేక కాడ జరసేపు ఆగిండు.

తిడ్తడనుకున్న. తిట్టలే.

"పొద్దుగాల బండి నడుపుకుంట, మీ ఇంటికి ఫోన్ చేసి ఎట్ల చెప్పాలెనని ఆలోచించిన," అన్నడు. "నీ పిల్లల పేర్లు కూడ నాకు తెల్వయి. సిగ్గయింది."

పిల్లల పేర్లు చెప్పిన. ఆయన కావా పోసి ఇచ్చిండు. అంత చేదు కావా నేను ఎన్నడు తాగలే.

నౌకరీ తియ్యలే. ఫోటోలు బంద్ చేసిండు. ఇప్పుడు రోజు ఆడ నిలవడి వీడియో పెట్టాలె, నీళ్ల గీత, గడియారం, నా మొఖం మూడూ కనవడాలె. వాది మళ్ల ఎండింది. నిన్న పంపిన వీడియో సూసి సాలిం ఒక్కటే మెసేజ్ పెట్టిండు:

"నీళ్లు జీరో. గడ్డం రెండు సెంటీమీటర్లు. గీసుకో."