చప్పట్లు లేని పాట

సౌదీలోని ఖతీఫ్‌లో ఒక చైనా ఇంజనీరు ఇంటికి ఏసీ బాగుచేయడానికి వెళ్లి, పని చేస్తూ క్రైస్తవ కీర్తన కూనిరాగం తీశాను. ఆయన భార్య లిన్ ఆ రాగం గుర్తుపట్టింది. శుక్రవారం వాళ్లింట్లో జరిగే చైనావాళ్ల ప్రార్థనకు రమ్మంది. అక్కడ కుర్చీలు వేయడం, అందరికీ తాగడానికి వేడినీళ్లు అందించడం నా సేవ.

మొదటివారం పాట మొదలవగానే మా ఊరి చర్చిలో లాగా గొంతెత్తి పాడుతూ చప్పట్లు కొట్టాను. లిన్ సిస్టర్ నా చేతులు మెల్లగా పట్టుకుంది. అందరూ గుసగుసగా పాడుతున్నారు.

"సౌదీ అని భయమా, సిస్టర్?" అన్నాను తర్వాత.

"మా ఊళ్లోనూ ఇంతే, బ్రదర్. పక్కింటికి వినపడకూడదు" అంది వచ్చీరాని ఇంగ్లీషులో.

ఆ ఏడాదే పనివాళ్ల తలకింత అని సర్కారు వేసే లెవీలు కట్టలేక మా కంపెనీ అకామాలు, అంటే అక్కడ ఉండటానికిచ్చే కార్డులు, రెన్యువల్ చేయించడం మానేసింది. బయట తిరిగితే పోలీసులు పట్టుకుంటారని రూంలో వాళ్లు తిట్టారు. అయినా సందులు పట్టుకుని నడిచి వెళ్లేవాణ్ణి. ఒక్క శుక్రవారమూ మానలేదు.

ఇంటికి వెళ్లిపోవడానికి ఎగ్జిట్ వీసా చేతికొచ్చిన వారం లిన్ సిస్టర్ తెలుగు పాట పాడమంది. వాళ్లలాగే గుసగుసగా అందుకున్నాను. ఆవిడ లేచి కిటికీలన్నీ మూసి, తలుపుకి అడ్డంగా దుప్పటి కట్టి వచ్చింది.

"ఇవాళ మీ ఊళ్లో లాగా పాడు" అంది.

గొంతెత్తాను. మొదటి చప్పట్లు ఆవిడే కొట్టింది.