దీపాలు పెట్టాక రీసైకిల్ బిన్

పాత డెస్క్‌టాప్ పక్క రేకు విప్పగానే వచ్చే వాసన ఒకటుంది. వేడెక్కిన దుమ్ము, కాస్త తుప్పు, ఎక్కడో మాడీ మాడని ప్లాస్టిక్కు, అన్నీ కలిసిన వాసన. మొన్న ఆదివారం సీతమ్మధారలో మా ఫ్లాట్ బాల్కనీలో, మా ఆయన పారేద్దామన్న పాత కంప్యూటర్ని ముందేసుకుని రేకు విప్పితే ఆ వాసన గుప్పుమంది. మరుక్షణం నేను వన్ టౌన్‌లో మా అద్దె ఇంటి ముందు గదిలో, లంగా మోకాళ్ళ కింద దోపుకుని, స్క్రూలు కొబ్బరి చిప్పలో పోస్తూ కూర్చుని ఉన్నాను. నా పిల్లలు మాత్రం ముక్కులు మూసుకుని లోపలికి పారిపోయారు. వాళ్ళకి చెప్పి లాభం లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఇంట్లో దుమ్ము రెండు రంగుల్లో వచ్చేది. పోర్టు వైపు గాలి ఒకలా తిరిగితే బొగ్గు నలుపు, ఇంకోలా తిరిగితే ఇనుప ఖనిజం ఎరుపు. పొద్దున్న తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నానికి మన పాదాలు మనకే అచ్చుపడి కనిపించేవి. దానికి తోడు ఉప్పుగాలి, కొత్త మేకుని కూడా ఒక వానాకాలంలో ముసలిదాన్ని చేసేసేది. అలాంటి ఇంట్లోకి నాన్న ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటరు తెచ్చి పెట్టాడు. ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటరు. యంత్రం అన్నది ఏదైనా సరే రోజూ తుడవాలి, వారానికోసారి విప్పాలి, వింత చప్పుడు చేస్తే ఆపి చూడాలి, ఇదీ ఆయన పద్ధతి. ప్రతి ఆదివారం ప్లగ్గు పీకి, రేకు విప్పి, రంగులేసే బ్రష్షుతో దుమ్ము దులిపి, సైకిల్ పంపుతో గాలి కొట్టేవాడు. పంపు కొట్టేటప్పుడు లోపలి ఫ్యాను రెక్క గిర్రున తిరిగిపోకుండా వేలితో పట్టుకోవడం నా ఉద్యోగం. ఈ రోజుకీ కంప్యూటరు నెమ్మదించిందని నన్నెవరైనా అడిగితే ముందు దుమ్ము సంగతే అడుగుతాను, ఆ తర్వాతే మిగతావి.

ఎండాకాలం మధ్యాహ్నాలు ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాను దానికి పెట్టి, మేము విసనకర్రలతో విసురుకునేవాళ్ళం. తుఫాను హెచ్చరిక వస్తే వైర్లన్నీ పీకి దాన్ని మంచం ఎక్కించి, మేము కింద చాప మీద పడుకునేవాళ్ళం. దసరాకి ఆయుధ పూజలో నాన్న పానాలు, స్క్రూడ్రైవర్లు, సైకిలు, వాటి పక్కన పూలదండతో కంప్యూటరు. నానమ్మ మానిటరు గాజుకే ఒక మూల కుంకుమ బొట్టు పెట్టేసేది. మౌసు బాణం ఆ బొట్టు కిందికి దూరిపోయి, మళ్ళీ ఎక్కడ తేలుతుందో తెలిసేది కాదు. పులిహోర, గారెలు, బెల్లం పరమాన్నం తిన్న చేత్తో కీబోర్డు ముట్టుకుంటే మాత్రం వేళ్ళ మీద పడేది దెబ్బ.

ఇక తెర మీద ఏ బొమ్మ ఉండాలన్నది రోజువారీ యుద్ధం. నాకు సముద్రం కావాలి, నానమ్మకి అప్పన్నస్వామి కావాలి, నాన్నకి ఏ బొమ్మా లేని ఉత్త నీలం రంగు కావాలి, బొమ్మ బరువు లేకపోతే త్వరగా తెరుచుకుంటుందని ఆయన లెక్క. ఆన్ చెయ్యగానే పిలవని పేరంటాళ్ళలా లేచి కూర్చునే ప్రోగ్రాముల్ని ఒక్కొక్కటే వెతికి ఆపడం కూడా ఆయనకి భలే ఇష్టం. చెల్లాచెదురైన ఫైళ్ళని ఒక వరసలో పెట్టే డిస్కు సర్దుడు మొదలుపెడితే తెర నిండా రంగురంగుల గళ్ళు అటూ ఇటూ జరుగుతుండేవి. ఇంటిల్లిపాదీ ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ సాయంత్రమంతా ఆ గళ్ళనే చూసేవాళ్ళం, నేనైతే ఎర్ర గళ్ళు తగ్గుతుంటే చప్పట్లు కొట్టేదాన్ని.

ఆ కంప్యూటరు అసలు ఎవరి కోసమంటే, సింహాచలం అత్త కోసం. మా వైపు ఆ పేరు ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ కూడా పెడతారు. ఆమె నాన్నకి చెల్లెలు. ఆనందపురం దగ్గర మా ఊళ్ళో పెదనాన్న పొలంలో బంతిపూలు కోసి కోసి, ఇక కోయనని చెప్పి, తెలుగు టైపు నేర్చుకుంటానని మా ఇంటికి వచ్చేసింది. పెదనాన్నది చెడ్డ మనసు కాదు. కాకపోతే మనిషి చేసే పని కంటికి కనిపించాలి ఆయనకి. "దసరా ఎల్లీలోగా పని దొరికితే సరే, లేపోతే వచ్చీవే. ఇక్కడ పూలు కోసీవోలు లేరు" అని కబురు పెట్టాడు. అత్త ఆ మాట విని కుర్చీ ఇంకాస్త ముందుకి లాక్కుంది.

దసరా వెళ్ళిపోతుండగా పని దొరికే దారి ఒకటి కనిపించింది. మా వీధి చివర ప్రెస్సు ఆయన జాలరుల పాటలు పుస్తకంగా వేస్తున్నాడు. అది చక్కగా టైపు చేసి చెప్పిన రోజు మధ్యాహ్నానికి తెచ్చిస్తే ప్రెస్సులో ఉద్యోగం ఇస్తానన్నాడు. పాటలు తెలిసినవాడు నూకరాజు తాత, ఒకప్పుడు సముద్రం మీద చేపల వేటకి వెళ్ళినవాడు, చదువు రాదు. మా గుమ్మానికి వీపు ఆనించి కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒక్కో ముక్కా పాడేవాడు. అత్త వింటూ నేరుగా కొట్టేది, కాగితం మీద అక్షరం లేదు. "తాతా, ఇంకోపాలి సెప్పు" అనేది అత్త. "ఒక్కపాలి సెప్తే ఇనపడదేటి" అని విసుక్కుంటూనే మళ్ళీ పాడేవాడు. నావ దింపే పాట పాడేటప్పుడు ఆయన భుజాలు వాటంతటవే ఊగేవి. పాటలన్నీ అయిపోయాయి, తాత కూతురి ఊరు వెళ్ళిపోయాడు.

ఇక్కడ అప్పటి తెలుగు టైపు తిరకాసు ఒకటి చెప్పాలి. ఆ అక్షరాలు టైపు సాఫ్ట్‌వేర్లో చూస్తేనే తెలుగు. బయట చూస్తే నెత్తిన చుక్కలు, టోపీలు, కింద తోకలు తగిలించుకున్న ఇంగ్లీషు అక్షరాలు. అత్త ఫైళ్ళ పేర్లు కూడా తెలుగు మీటలతోనే కొట్టింది. దాంతో వల లాగే పాట, గంగమ్మ పాట, అన్నీ డెస్క్‌టాప్ మీద ఎవరికీ అర్థం కాని చుక్కల తోకల గుంపుగా పడి ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ప్రెస్సు ఫ్లాపీలోంచి ఏదో వైరస్ కూడా దిగి, అలాంటి పిచ్చి పేర్లతోనే ఫైళ్ళు పెట్టసాగింది.

ప్రెస్సుకి ఇవ్వాల్సిన ముందు రోజు సాయంత్రం అత్త నాలుగు మాటల అర్థాలు అడగడానికి జాలరిపేట వెళ్ళింది. నాన్న డ్యూటీ నుంచి వచ్చి, ఆ గుంపుని చూసి, వైరస్ ముదిరిపోయిందని నిశ్చయించేసుకుని మొత్తం ఊడ్చి రీసైకిల్ బిన్‌లో పడేశాడు. బిన్ ఖాళీ చెయ్యబోతుండగా దేవుడి గూటి దగ్గర దీపం పెట్టి నానమ్మ వచ్చింది.

"ఏట్రా సేత్తన్నావ్?"

"సెత్త పారబోత్తన్నానమ్మా."

"దీపాలెట్టీసినాక సెత్త బయట పోత్తారేట్రా? లచ్చిమి ఎలిపోద్ది. పొద్దున్న పొయ్యి."

"ఇది ఇంటి సెత్త కాదమ్మా. కంపూటర్ది."

"కంపూటరు ఇంట్లో లేదేటి?"

క్రేన్ మీద నుంచి ఫోర్‌మన్‌తో కేకలేసే మనిషి మా నానమ్మతో మాత్రం వాదించేవాడు కాదు. మౌసు మీంచి చెయ్యి తీసేశాడు. అత్త ఇంటికి వచ్చేసరికి కరెంటు పోయింది.

పొద్దున్నే కంప్యూటరు తెరిచిన అత్తకి ఉత్త నీలం తెర కనిపించింది. "అన్నియ్యా, నా పాటలేవి?" అంది. ఆ గొంతు నాకింకా చెవిలోనే ఉంది. నాన్న వేపపుల్ల నముల్తూ పెరట్లోంచి వచ్చి, "ఆ తోకలున్న పేర్లా? వైరస్సులనుకోని తీసీసినాను" అన్నాడు, అనేశాక ఏం చేశాడో అర్థమై నోట్లో పుల్ల తీసేశాడు. అత్త గచ్చు మీద కూలబడింది. మధ్యాహ్నానికి ప్రెస్సుకి ఇవ్వాలి. దసరా గడువు దాటిపోయిందని అదే మధ్యాహ్నానికి ఆమెను తీసుకెళ్ళడానికి పెదనాన్న వస్తున్నాడు. నాకు ఏడుపొచ్చేసింది. నానమ్మ మాత్రం తాపీగా, "సెత్త ఇంకా పొయ్యలేదు గదా, ఎతుక్కోండి" అంది.

బిన్ తెరిచాం. పాటలూ వైరస్సులూ కలిసిపోయి తెర నిండా ఒకటే చుక్కలు, తోకలు. అన్నీ ఒకేసారి వెనక్కి తెస్తే వైరస్ కూడా మళ్ళీ ఇంట్లో దిగుతుంది. ఏది ఏదో తెలియక నాన్న నుదురు పట్టుకున్నాడు. అత్త లేచి, తెరకి ముఖం ఆనించి, ఒడిలో వేళ్ళు ఆడిస్తూ చదవడం మొదలుపెట్టింది. "ఇది నావ దింపీ పాట. ఇది వల లాగీది. ఇది కాదు, దీనికి గుణింతం కుదర్లేదు, వదిలీ. ఇది గంగమ్మది." ఆమె చెబుతుంటే నాన్న ఒక్కొక్కటే వెనక్కి తెచ్చాడు. తెరిస్తే పాట, నిజంగా పాటే, తాత పాడిన ముక్క పాడినట్టే ఉంది.

"నీకిది సదవడం ఒచ్చేటే?" అన్నాడు నాన్న.

"రోజూ కొడతన్నాను కదన్నియ్యా. సేతేళ్ళకి తెలుసు."

ఒక్క పాటా పోలేదు. ఒకటి చెడినా ఇంకోటి ఉంటుందని రెండేసి ఫ్లాపీల్లో ఎక్కించి, చీర కొంగు దోపుకుని అత్త ప్రెస్సుకి వెళ్ళిన వెళ్ళడం చూడాలి, వీధిలో ఆటోలే పక్కకి తప్పుకున్నాయి. పెదనాన్న కూరగాయల సంచితో దిగేసరికి ఆమె ఇంట్లో లేదు. "సింహాచలం రాదన్నియ్యా, పనిలోకెల్లింది" అన్నాడు నాన్న. "ఏటి పని?" "పాటలు కొట్టడం." "పాటలు కొడితే జీతమిత్తారేటి?" అని పెదనాన్న గారె చేత్తో పట్టుకుని ఆశ్చర్యపోయాడు. అంత సంతోషం నేను మళ్ళీ నా ఉద్యోగం వచ్చిన రోజు కూడా పడలేదు. పుస్తకం చివరి పేజీలో 'అక్షర కూర్పు: శ్రీ సింహాచలం గారు' అని అచ్చయింది. ఆ 'శ్రీ' చూసుకుని అత్త కొన్నాళ్ళు ఇంట్లో మా మీద పెత్తనం చేసింది.

ఇప్పుడా ఫ్లాపీలు లేవు, రంగు గళ్ళ సర్దుళ్ళు లేవు, ఆ తెలుగు మీటలు నేర్చుకునేవాళ్ళు లేరు. ఫోనుకి చెబితే అదే రాసిపెడుతోంది. నూకరాజు తాతా నానమ్మా కాలం చేశారు, వన్ టౌన్ ఇల్లు గోడౌన్ అయింది, ప్రెస్సు మూతపడింది. అది మూతపడ్డాక అత్త ఊరుకోలేదు. ఆనందపురం జంక్షన్‌లో సొంతంగా కంప్యూటర్ల షాపు పెట్టింది. ఊరికి వచ్చెయ్యమన్న పెదనాన్న కోరిక అలా తీరింది. నిన్న నేను వెళ్ళేసరికి షాపు ముందు జనం, లోపల అత్త కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని ఎవరిదో దరఖాస్తు కొడుతోంది. పెదనాన్న పొలం కాగితాలు చంకలో పెట్టుకుని పక్కనుంచి లోపలికి దూరబోయాడు.

"సింహాచలం, నాది ముందు సూడవే. బస్సెలిపోద్ది."

"వరసలో ఉండన్నియ్యా," అంది అత్త, తల ఎత్తకుండా.

పెదనాన్న వెళ్ళి చివర నిలబడ్డాడు. ముందున్న మనిషి అడక్కపోయినా భుజం తట్టి మరీ చెప్పాడు, "అది మా సెల్లెలు."