చిటికి కట్టిన చేతులు

మొన్న మోకాళ్ళ నొప్పికని నల్గొండలో దవాఖానకు పోయి కూర్చుంటే, పక్క గదిలోంచి ఒక పిల్ల కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. గోలీలు ఒక్కటే చాలవన్నారని, వారంవారం డాక్టరుతో మాట్లాడిస్తున్నామని వాళ్ళమ్మ దాపరికం లేకుండా చెప్పింది. అందరూ విడిచిపోతారేమోనన్న భయం, ఇప్పుడు ప్రేమ, అంతలోనే కోపం, వాటి అడుగున లేవలేనంత దిగులు అని ఆమె చెబుతుంటే మా ఆడబిడ్డే నా కళ్ళముందు మెదిలింది.

ఎనభైల్లో నేను పోచంపల్లికి కోడలిగా వచ్చేనాటికి ఆమెది నా ఈడే. పొద్దున వదినంత మంచిది లేదనేది, నేను రెండు రోజులు పుట్టింటికి పోయివస్తే నా మొహం చూసేది కాదు. అదంతా పొగరనుకున్నాం. దిగులు కమ్మిందంటే మాత్రం గోడవైపు తిరిగి పడుకుని తిండి ముట్టేది కాదు, చచ్చిపోతాననేది. దర్గాకు తిప్పి, తాయెత్తు కట్టించి, చివరికి పట్నం తీసుకుపోతే అక్కడి డాక్టరు గోలీలు రాసి, ఆపొద్దని చెప్పాడు.

మన ఈడువాళ్ళకు తెలుసు, నేతగాళ్ళ ఇంట్లో మనిషి మళ్ళీ పనిలో కూర్చుంటే రోగం పోయినట్టే లెక్క. ఆమె లేచి, రంగు అంటకుండా నూలుకు ముడులు వేసే ఆ చిటికి పనిలో కూర్చుందంటే ఇద్దరి పని ఒక్కతే చేసేది. అది చూసి మా అత్త, "మంచిగనే ఉన్నది గదా, ఇంక గోలీలెందుకు, ఉత్తగ వేడి చేస్తయ్" అని పొట్లం గూట్లో పెట్టేసేది. గోలీలు ఆగేసరికి ఆడబిడ్డ మళ్ళీ పడుకునేది, మళ్ళీ పట్నం, మళ్ళీ చిటికి. ఒకసారి ముడి వేస్తూనే, తలెత్తకుండా, "వదినా, చేతులే పనిచేస్తున్నయ్, లోపట నేను లేను" అన్నది. ఆ మాట అత్తకూ మా ఆయనకూ చెప్పాను. పనిచేసే మనిషికి రోగమేందన్నారు. ఇంకెవరికి చెప్పాలో కోడలిని, నాకు తోచలేదు.

తొంభైల్లో ఒక ఎండాకాలం, పని సగంలో ఉండగానే, ఆమె తన ప్రాణం తానే తీసుకుంది. నిన్న కూడా మంచిగ పనిచేసిందని అత్త వచ్చినవాళ్ళందరికీ చెప్పి ఏడ్చింది. ఆమె ముడులు వేసిన నూలుకు రంగు వెయ్యడానికి మా ఇంట్లో ఎవరికీ చేతులు రాలేదు.

ఇప్పుడు ఆ జబ్బుకు పేరుంది, కూర్చోబెట్టి వినే డాక్టర్లున్నారు. ఆనాడు ఉంటే ఆమె దక్కేదో లేదో నాకు తెలియదు. దవాఖాన మెట్లు దిగుతూ ఆ తల్లి, "లోపట ఎట్లున్నది బిడ్డా?" అని అడిగి, ఆ పిల్ల చెప్పేదాకా ఆగింది. మా ఇంట్లో ఆ మాట ఎవరమూ ఎన్నడూ అడగలేదు, ఆమె చేతులు చూసి ఊరుకున్నాం.