బొల్లారం మేడం కారుకు నేను మార్చని ఆయిల్

ఎనిమిదేండ్ల సంది ఒక మాటను మింగలేక కక్కలేక తిరుగుతున్న. ఇంట్ల మా ఆవిడకు చెప్పలే. మసీదుల నా పక్కన నిలబడేటోళ్ళకు చెప్పలే. ఇయాల మీకు చెప్తున్న. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు, అందుకే చెప్పబుద్ధయితుంది. పేరు మాత్రం అడగకుండ్రి.

రెజిమెంటల్ బజార్ సందుల నాకు చిన్న షెడ్డు ఉంది. కార్లు రిపేరు చేస్త. పనిల నాకు వంక పెట్టినోడు లేడు. పని చెయ్యకుండ చేసిన అని చెప్పిందే నా తప్పు.

బొల్లారంల ఒక మేడం ఉండె. భర్త మిలిట్రీల పెద్ద ఆఫీసర్, పోయిండు. ఆయన యాదికి ఒక తెల్ల కారు మిగిలింది. మేడంది రాజమండ్రి దిక్కు. ఇక్కడ చలి పడంగనే ఆమెకు ఆయాసం షురూ అయ్యేది. దీపావళి కాంగనే వైజాగ్‌ల చెల్లెలింటికి పోయి, శివరాత్రికి తిరిగొచ్చేది. ఆ మూడు నాలుగు నెలలు కారు మీద గుడ్డ కప్పి ఇంట్లనే నిలబెట్టేటోళ్ళు.

నిలబెట్టే ముందు ఆయిల్ మార్చాలె. గిది ఆ సారు పెట్టిన కానూన్, సరైన కానూనే. వాడిన ఆయిల్ల మసి చేరుతది, తడి చేరుతది, ఒక తీరు పులుపు పుడుతది. బండి రోజూ నడుస్తుంటే ఏం కాదు. నెలలకు నెలలు కదలకుండ ఉంటే ఆ పులుపు లోపల బేరింగులను తింటది. అందుకే పాతది తీసేసి కొత్తది పోసి పండవెట్టాలె. "పడుకోబెట్టే ముందు పిల్లకి స్నానం చేయించినట్టు అనేవారు మా ఆయన" అని మేడం ప్రతి దీపావళికి చెప్పేది.

నేనేమో పెద్ద తెలివిగలోన్ని గదా! నడువని బండికి కొత్త ఆయిల్ ఎందుకు పాడు చెయ్యాలె, మేడం వచ్చే ముందు పోస్తే తాజాగ ఉంటది, ఆమెకే ఫాయిద అనుకున్న. మరి ఆ మాట ఆమెకు చెప్పొచ్చు కదా? చెప్తే 'మా ఆయన అలా చెప్పలేదు' అంటది. ఎందుకొచ్చిన లొల్లి? దీపావళికి డోరు లోపట స్టిక్కర్ అతికించేటోన్ని. 'ఆయిల్ మార్చినం', తారీఖు, కింద నా సంతకం. అసలు ఆయిల్ శివరాత్రికి మార్చేటోన్ని. మూడేండ్లు గిట్లనే గడిచినయి. మోసం చేస్తున్న అని ఒక్కనాడు సుత అనిపించలే. చచ్చిపోయిన ఒక పెద్దమనిషితోని వాదం పెట్టుకొని గెలుస్తున్న అనిపించేది.

నాలుగో శివరాత్రికి మా చెల్లె పెండ్లి. పరేషాన్‌ల ఉన్న. మేడం వచ్చే ముందు రోజు ఉరుకుకుంట పోయి డోరు తెరిచిన. స్టిక్కర్ కండ్లబడ్డది. ఆయిల్ మార్చినం అని ఉంది. నా రాతే. ఓ, అయిపోయింది గదా అనుకున్న. టైర్లల గాలి కొట్టి, బ్యాటరీ చూసి వచ్చేసిన. నా అబద్ధాన్ని నేనే నమ్మిన. మీకు నవ్వొస్తుండొచ్చు. దాని తర్వాత జరిగింది జరగకపోతే నేను సుత నవ్వేటోన్ని.

ఆ ఏడంత కారు అదే ఆయిల్‌తోని నడిచింది. మల్ల దీపావళికి ఎప్పటిలెక్కనే ఉత్త స్టిక్కర్ పెట్టిన. మల్ల చలికాలం నిలబడ్డది. ఆ ఏడు మేడం వారం ముందే వైజాగ్‌ల రైలెక్కింది. నేను పోకముందే కారు స్టేషన్‌కు పోయింది. వాపస్ వస్తుంటే, ఇల్లు చేరకముందే, బొల్లారం గేటు కాడ ఇంజన్ టకటక కొట్టి ఆగిపోయింది.

తోలింది యాదగిరి. పదిహేనేండ్ల సంది ఆ ఇంటి డ్రైవర్, యాప్రాల్‌ల ఉంటడు. మేడం లేని నెలల్ల సుత ఆయితారం ఆయితారం సైకిల్ తొక్కుకుంట పోయేటోడు. గుడ్డ తీసి, దుమ్ము తుడిచి, పది నిమిషాలు ఇంజన్ స్టార్ట్ చేసి, మల్ల గుడ్డ కప్పి వచ్చేటోడు. చూసేటోళ్ళు లేకున్నా ఒక్క వారం తప్పలే.

బండిని తాడు కట్టి నా షెడ్డుకు గుంజుకొచ్చిండ్రు. కింద నట్టు విప్పితే ఆయిల్ కారలే. నల్లగ, జొన్న గటక లెక్క, ముద్దలు ముద్దలు జారింది. చూడంగనే తెలిసిపోయింది. రెండు ఎండకాలాలు, రెండు వానకాలాలు, రెండు చలికాలాలు, అన్నిటికీ ఒకటే ఆయిల్.

తెల్లారి మేడం వచ్చింది. యాదగిరి వెనుక నిలబడ్డడు.

"నువ్వు ఆయిల్ మార్చావు కదా బాబూ?" అని అడిగింది.

"మార్చిన మేడం. స్టిక్కర్ సుత ఉంది, చూడండ్రి."

"మరి ఇంజన్ ఎందుకు పోయింది?"

అప్పుడు నా కండ్లు యాదగిరి మీదికి పోయినయి. ఎందుకు పోయినయి? నేను పంపలే. పోయినయి, గంతే.

"వారం వారం పది నిమిషాలు స్టార్ట్ చేసి బంద్ చేస్తే ఇంజన్ వేడెక్కదు మేడం. లోపట తడి పడుతది. గట్లనే పాడయింది."

"సారే చెప్పిండు గదా మేడం, వారానికోపాలి స్టార్ట్ చెయ్యమని" అన్నడు యాదగిరి.

"ఒక రౌండు తిప్పుకురమ్మన్నారయ్యా. నిలబెట్టి స్టార్ట్ చేయమనలేదు."

"పెట్రోల్ దండుగ అయితదని తిప్పలే మేడం." ఆయన గొంతు చిన్నగయింది. నా దిక్కు తిరిగిండు. "నా వల్లనేనా భాయ్?"

"ఔ" అన్న.

ఒక్క అక్షరం. యాదగిరి తాళంచెవి తీసి మేడం చేతుల పెట్టిండు. బానెట్ మీద ఒకసారి చెయ్యి ఆనించి, సైకిల్ ఎక్కి పోయిండు. రేపటి నుంచి రావద్దని మేడం అనేదాకా సుత ఆగలే.

నేను చెప్పింది ఉత్త అబద్ధం కాదు, అదే నన్ను తింటది. తడి పడేది నిజమే. కొత్త ఆయిల్ ఉండి ఉంటే ఆ జెరంత తడి ఏం చేసేది కాదని సుత నాకు తెలుసు, తెలిసి సగం నిజం చెప్పిన, మిగిలిన సగం ఆ మనిషి మెడ మీద పెట్టిన. ఎందుకంటే మేడం మాట మీద బొల్లారం బండ్లన్నీ నా షెడ్డుకే వచ్చేటియి. ఆమె ఒక్క మాట అంటే అన్నీ పోతయి. నాకు ఇద్దరు పిల్లలు అనుకున్న. యాదగిరికి సుత ఇద్దరే. అది యాదికి రాలేదా అంటే, వచ్చింది. వచ్చినా అన్న.

కారును తుక్కుకు ఇచ్చేసి మేడం వైజాగ్ పోయింది. రెండేండ్లకు అక్కడనే పోయిందని తెలిసింది. ఇంజన్ చంపినోడు అని పేరు పడ్డంక యాదగిరిని బొల్లారంల ఎవరూ పెట్టుకోలే. ఇప్పుడు యాప్రాల్‌ల ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మెన్.

మొన్న దీపావళి అయినంక ఒకాయన కారు తెచ్చిండు. "ఊరికి వెళ్తున్నామండీ, రెండు నెలలు. అప్పుడప్పుడు స్టార్ట్ చెయ్యమంటే మా వాచ్‌మెన్ ఒప్పుకోలేదు, తన చేతుల్లో ఒక ఇంజన్ పోయిందట. నిలబెట్టే ముందు మీ దగ్గరే ఆయిల్ మార్పించమన్నాడు. మీరు అబద్ధం చెప్పే మనిషి కాదట."

యా అల్లా! స్టూలు గుంజుకొని కూసున్న. తర్వాత ఆయన కండ్ల ముందట పాతది తీసి కొత్తది పోసిన. స్టిక్కర్ అడిగిండు. నేను స్టిక్కర్లు పెడతలేనని చెప్పిన.

నిన్న యాప్రాల్ పోయిన. యాదగిరి కింద పార్కింగ్‌ల కుర్చీ మీద ఉన్నడు, చుట్టూ కార్లు. నన్ను చూసి ఖుష్ అయిండు, చాయ్ తెప్పిచ్చిండు. "ఆ తెల్ల బండి ఇంకా యాదికొస్తది భాయ్, తెల్వక నేనే చంపుకున్న" అన్నడు. చాయ్ తాగిన. చెప్పలే. లేచి వచ్చిన.

మౌలానా సాబ్ ఎప్పుడూ చెప్తడు, దేవునికి చేసిన తప్పు దేవుడు మాఫ్ చేస్తడట, మనిషికి చేసింది ఆ మనిషే చెయ్యాలట. మరి ఆ మనిషి ముందట నోరు పెగలకపోతే? ఆ నోటికి అలవాటు చేద్దామనే గిది రాస్తున్న, ఆ మాట ఒక్కసారన్న ఎట్లుంటదో చూద్దామని.

యాదగిరీ, ఆ కారును నువ్వు పాడు చెయ్యలే. నేను ఆయిల్ మార్చలే. మార్చిన అని రాసింది నేనే.

రాసిన. జెర ఊపిరాడుతుంది. నాకే. ఆయన ఇంకా ఆ కార్ల నడుమ కూసొని, ఒక్కదాన్ని సుత ముట్టకుండ, తన చేతులతోనే ఆ ఇంజన్ పోయిందనుకుంటున్నడు.