గోకినోళ్లకే కట్టెల కొట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్ల గోక్కోనిది ఒక్క దేవుడి పటమే. మిగిలినోళ్లమంతా పొద్దస్తమానం గోకుడే. కానీ గజ్జి మాత్రం ఒక్క మా నానమ్మకే ఉన్నదని ఇల్లంతా కూడబలుక్కున్నట్టు చెప్పుకునేటోళ్లం.

నానమ్మ జారిపడి తుంటి విరిగి, వెనక గదిల నులకమంచానికి అతుక్కుపోయింది. అక్కడ ఆమెకు గజ్జి తోడైంది. వేళ్ల సందుల, నడుం చుట్టూ పొక్కులు. ఆమె గోకుడు షాలిబండ గల్లీ దాటి మూసీ అవతలి ఒడ్డుకు వినపడేది.

దవాఖాన డాక్టరు గంధకం మలాం ఇచ్చి, ఇంట్ల అందరూ ఒక్కసారే మెడ నుంచి అరికాళ్ల దాక పూసుకోవాలె, బట్టలు, బొంతలు ఉడకబెట్టాలె అని చెప్పిండు. "మా ఇంట్ల ఇంకెవరికీ లేదు" అని మా బాపు నానమ్మకు సరిపడా మలామే తెచ్చిండు. బాపు గల్లీ చివరి గుళ్లె అర్చకుడు. గజ్జి చేతులతోని అభిషేకం ఎట్ల చేస్తడు? అందుకే ఆయనవి చెమటకాయలు. అమ్మవి దోమకాట్లు. నావి, మా అన్నవి బడి బల్లల పుణ్యం.

అమ్మ మలాం పూసేది, నానమ్మకు తగ్గేది. మేం పోయి ఆమె పక్కల దొర్లేటోళ్లం, మళ్ల వచ్చేది. ఆఖరికి అదంతా ఆమె ఒంట్లె ఉన్న ఏదో పాపమని తేల్చి, మంచాన్ని పెరట్ల కట్టెల కొట్టుకు మార్చాలన్నడు బాపు. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి నానమ్మ అన్నం ముట్టలేదు. నేను గిన్నె పట్టుకొని పోతే చేతులు కొంగుల దాచుకున్నది.

"నన్ను ముట్టకు బిడ్డా. నేను పోతెనే మీకు బాగైతది."

గల్లీ మొత్తాన్ని నవ్వించే నేను, గిన్నె మంచం కాడ పెట్టి ఆమె కొంగు పట్టుకొని కూచున్న.

మరునాడు, కట్టెల కొట్టు సంగతి చెవిన పడి మా మేనత్త రిక్షా దిగింది. ఆమె గొంతు లేస్తే గోల్కొండ ఫిరంగి కూడా చేతులు కట్టుకొని నిలబడేది. నానమ్మను చూసింది, బాపు చేతుల దిక్కు చూసింది. అందరినీ మంచం చుట్టూ చాపల మీద కూచోబెట్టింది.

"మోకాళ్ల మీద చేతులు పెట్టుండ్రి. పొయ్యి మీది పప్పు ఉడికేదాక ఎవ్వరూ గోకొద్దు. గోకినోళ్లే కట్టెల కొట్టుకు. సరేనా తమ్ముడూ?"

"గిదేం ఆట అక్కా?"

"ఏం, భయమా?"

ఆ పప్పు ఉడికే లోపల ఇంకో చార్మినార్ కట్టి సున్నం కూడా వేయొచ్చు. నా నడుం చుట్టూ నిజాం ఫౌజు మొత్తం బూట్లు వేసుకొని కవాతు చేస్తున్నది. మొదలు అన్న ఓడిండు. తర్వాత నేను. అమ్మ కొంగు చాటున చెయ్యి పోనిచ్చి దొరికిపోయింది. బాపు మాత్రం రాతి విగ్రహం లెక్క కూచున్నడు. చెవులు ఎర్రబడ్డయి, పెదవి వణికింది. ఇగ ఆగలేక కండ్లు మూసుకొని రెండు చేతులూ రక్తం వచ్చేటట్టు గోక్కున్నడు.

మంచం మీద నుంచి నానమ్మ అన్నది: "అయ్యో కొడుకా, గా కొట్టుల ఇంతమందికి జాగ యాడిది?"

బాపు లేచి, ఎన్నాళ్లకో, ఆమె చేతులు తన చేతుల్లకు తీసుకున్నడు.

ఆ పూటే బాపు దవాఖానకు పోయి అందరికీ సరిపడా మలాం తెచ్చిండు; బొంతలు, బట్టలు రాగి గుండిగల ఉడికినయి. ఇంటిల్లిపాదీ పసుపు బొమ్మల లెక్క మలాం కంపు కొట్టుకుంట నిలబడ్డం. బాపు తన చిన్నాయన కొడుకుకు కబురు పెట్టిండు, తగ్గేదాక గుడి చూసుకొమ్మని. చెమటకాయలని చెప్పలే, గజ్జి అనే చెప్పిండు. తర్వాత నానమ్మ వేళ్ల సందుల్ల తనే మలాం పూసిండు. దురద పోవడానికి ఇంకా మస్తు రోజులు పట్టింది గానీ, ఆమె ఆ పొద్దు ఆ పప్పుతోనే నాలుగు ముద్దలు తిన్నది.

ఇప్పటికీ ఇంట్ల ఏ లొల్లి వచ్చినా, ఒకరి మీద వేలెత్తబోయే ముందు నా వేళ్ల సందుల దిక్కు ఒకసారి చూసుకుంట. జర దురద పెడుతనే ఉంటది.